మా చెరువు బురదను సీసాల నింపుకపోయిన సారు

చదువుకున్నోళ్ళంటే నాకు పడదని మా ఇంట్ల అందరు అంటరు. ఉత్త మాట. నా మనుమండ్లు, మనుమరాండ్లు అందరు చదువుకున్నోళ్ళే, ఆ అద్దాల మేడలల్ల కూసొని నౌకరీ చేసేటోళ్ళే. కాళ్ళకు బురద అంటకుంట బురద సంగతి చెప్తనని వచ్చేటోడంటేనే నాకు ఒళ్ళు మండుతది. ఇయ్యాల నిన్న కాదు, నిజాం రాజ్యం పోయిన మరుసటి ఎండకాలం నుంచి మండుతనే ఉన్నది.

మాది మాదాపూర్‌కు, కొత్తగూడకు నడుమ ఊరు. అప్పుడు ఊరంటే ఏమున్నది? గుండ్లు, గుండ్ల నడుమ ఇండ్లు, ఇండ్లెన్క చెరువు. పెద్ద చెరువేం కాదు. దాని కింద నలుగురు పేదోళ్ళ మళ్ళు పారేటియి. మాది చాపలు పట్టే ఇల్లు. మా నాయిన, మా తాత, అందరు ఆ నీళ్ళ మీదనే బతికిన్రు. మా నాయినకు నాగలి పట్టరాదు, బండి తోలరాదు, బజార్ల నిలవడి బేరం చెయ్యరాదు. ఈత, వల, తెప్ప, గంతే. నీళ్ళల్ల దిగితె మొగోడు, ఒడ్డెక్కితె దేనికీ పనికిరాడు. ఈ మాట నాది కాదు, మా అవ్వ దినాం అనేది. కన్నతల్లినే మేం అవ్వ అని పిలిచేటోళ్ళం.

ఆ ఎండకాలం నీళ్ళు బాగ గుంజినయ్. కట్ట పక్కకు ఒక మడుగు మిగిలింది, గంతే. ఒకదినం మబ్బు పట్టింది, గాలాడలే, ఒకటే ఉక్క. తెల్లారి చూస్తె మడుగు మీద సన్నచాపలు, పరకలంటం వాటిని, తెల్లగ తేలినయ్. మా నాయిన చూసి "ఉక్కకు సచ్చినయ్. పెద్దయి బురదల దాసుకున్నయ్. ఒక్క వాన పడితె అంత సక్కగైతది" అన్నడు. అది విని ఊరు ఊకుంటదా? ఒకడు విషమన్నడు. ఇంకోడు పోచమ్మకు కోపమొచ్చిందన్నడు. మూడోడు రాత్రి చెరువుల ఏందో మెరిసింది, నా కండ్లతోని చూసిన అన్నడు. వానికి పగటిపూటనే కండ్లు కనబడయ్. దున్నపోతు ఈనిందంటె దూడను కట్టెయ్యమనే జనం మా ఊరోళ్ళు.

ఊరి పెత్తనం చేసే పటేలుకు ఇవేం పట్టలే. ఆయన చూపంత నీళ్ళు గుంజినంక బయటపడ్డ నల్లమట్టి మీద. చెరువు లోపలి భూమి అది, శిఖమంటం. అండ్ల ఏమేసినా విరగపండుతది. నీళ్ళు లేకుండ పోతె ఆ శిఖం ఎవని పాలైతది? పటేలు పాలే. ఆయనకు సొంత బావులుండె, చెరువు ఉన్నా పోయినా ఆయన వరి ఎండదు. పట్నం పోయి సర్కారుకు అర్జీ పెట్టుకొచ్చిండు, మా చెరువు పాడైంది, పరీక్ష చెయ్యున్రి అని.

వచ్చి చావిడి కాడ అందరికి చెప్పిండు. "సర్కారు సారు వస్తడు. నీళ్ళు, అడుగుమట్టి పరీక్ష చేస్తడు. మంచిగున్నదంటె వానలు పడంగనె సర్కారే చాపపిల్లల్ని తెచ్చి వదుల్తది. పాడైందంటె కట్టకు గండి కొట్టి నీళ్ళు తీసేస్తరు. రోగాలొస్తయ్ గద మరి!" అన్నడు. రోగాల ఫికర్ చూడున్రి ఆయనకు! ఊర్ల గత్తర రోగం లేసినప్పుడు బండి కట్టుకొని బామ్మర్ది ఇంటికి పారిపోయిన పెద్దమనిషి. మా నాయినకు మాత్రం ఆ మాటతోని అన్నం సయించలే. చెరువుంటె మేమున్నం, చెరువు పోతె మేం లేం.

మా అవ్వ దిగులు పడి కూసునే మనిషి కాదు. "సర్కారు సారు మన చెరువు కాడికి వస్తున్నడు. కాలు వెట్టే జాగ మంచిగుండాలె గద" అన్నది. మా దిక్కు ఇంటికి పెద్దమనిషి వస్తున్నడంటె వాకిట్ల సాన్పి జల్లాలె. అంటె పెండ నీళ్ళు చిక్కగ కలిపి జల్లాలె, అలకాలె, ముగ్గెయ్యాలె. దుమ్ము లేవద్దు. అది మర్యాద. పెండ్లయినా గంతే, పండుగైనా గంతే. మా అవ్వకు చెరువే వాకిలి. ఇగ చెరువుకు సాన్పి మొదలువెట్టింది.

ఊర్ల ఏ ఆవు వేసిన పెండను వదలలే, ఏ బర్రె వేసిన పెండను వదలలే. గంపలు నా నెత్తి మీద వెట్టింది. నాకప్పటికి పెండ్లయింది, ఇంకా కాపురానికి పోలే. మెడ నొస్తున్నదే అంటె "అత్తగారింట్ల ఇంతకంటె ఎక్కువ మొయ్యాలె, నడువ్" అని తరిమేది. కట్ట దిగే తొవ్వ నుంచి మడుగు అంచుదాక జల్లింది. అంచు కాడ నేల మెత్తగుండె, సారు కాలు దిగవడుతదని ఆడ పెండల ఎర్రమట్టి కలిపి మందంగ అలికింది. ఒక్కపారి అలికి ఊకున్నదా? ఆరినంక మల్ల అలికింది. సారు వచ్చే పొద్దున లేచి ఇంకోపారి కుండలకు కుండలు జల్లింది. ఎక్కువైన నీళ్ళు ఏటవాలు మీదికెళ్ళి కారుకుంట పోయి మడుగుల కలిసినయ్. పైన తెల్లటి ముగ్గు. ఊరోళ్ళందరు వచ్చి చూసి "అబ్బ, ఏం ముగ్గేసినవక్కా!" అని మెచ్చుకున్నరు. ఒక్కనికీ మెదడు పనిచెయ్యలే. పటేలుకు కూడ పనిచెయ్యలే, అది చెప్పాలె. వాడు దొంగే గని గంత తెలివిగల దొంగ కాదు.

సారు మోటర్ల వచ్చిండు. తెల్ల పాంటు, నెత్తిన టోపీ, మొఖం కనబడేటట్టు మెరిసే బూట్లు. ముక్కుల నశ్యం. సముద్రం ఒడ్డు జిల్లాల నుంచి మా పట్నానికి కొత్తగ వచ్చిండట. ఆడ సముద్రపు నీళ్ళు, ఉప్పుటేర్ల బురద తీసి, అండ్ల బలమెంత, మురుగెంత అని తేల్చుడే ఆయన పనట. ఎన్కాల ఒక బంట్రోతు చెక్కపెట్టె పట్టుకున్నడు. అండ్ల గాజు సీసాలు, ఒక ఇత్తడి గొట్టం.

కట్ట మీద నిలవడి ముందుగాల మాకు పాఠం చెప్పిండు. "చూడండి, నీళ్ళకి కూడా ఒంట్లో బాగుండటం, బాగోకపోవటం ఉంటాయండి. నీళ్ళలోనూ, అడుగు బురదలోనూ చేపకి కావలసిన పోషకాలుంటాయి. అవి తక్కువైతే చేప ఎదగదు. మితిమీరితే నీళ్ళు కుళ్ళి చేప చస్తుంది. మనం ఎక్కువ తింటే అజీర్తి చేసినట్టే" అన్నడు. మాట మంచి మాటే. నిజం మాటే. నా మనుమరాలు కూడ అదే చెప్పింది, బుక్కులల్ల గట్లనే ఉంటదట. మాట మంచిదైతె సాలదు గద, చెప్పినోడు కూడ జర పనికొచ్చేటోడై ఉండాలె.

ఆ తర్వాత మొదలువెట్టిండు తన గొప్పలు. "సముద్రంలో అయితే పడవేసుకుని లోపలికి పోతామండి. అలలు కొడుతున్నా లెక్కచేయం. ఒక చోట కాదు, చాలా చోట్ల అడుగు బురద తీస్తాం. అప్పుడు గానీ అసలు సంగతి తేలదు." పటేలు అబ్బో అబ్బో అని తలకాయ ఊపుతున్నడు. సల్లకుండ తప్ప సముద్రమెన్నడన్న చూసిండా వాడు?

మా నాయిన మురిసిపోయిండు. పొద్దుగాలనే తెప్పను కడిగి, మీద కొత్త గోనెసంచి పరిచి పెట్టుకున్నడు. చేతులు కట్టుకొని ముంగటికి పోయి "సారు, తెప్ప తయ్యారున్నది. ఎక్కున్రి, మడుగు నడుమకు తీస్కపోత. అంచుకు మట్టి వేరుంటది, నడుమ వేరుంటది" అన్నడు.

సారు తెప్పను చూసిండు, తన బూట్లను చూసుకున్నడు. "ఈమాత్రం గుంటకి తెప్ప ఎందుకయ్యా!"

"అయితె మీరు జర ఆగున్రి సారు. నేనే మునిగి తెస్త."

"నా చేత్తో నేను తీసిందే లెక్కలోకి వస్తుంది. నువ్వు తెచ్చింది కాదు."

అలలనే లెక్కచెయ్యనోడు మా మడుగును చూసి బూట్లు ఎన్కకు జరుపుకున్నడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నరు గద. ఆయన తొక్కలే, కడగలే. సక్కగ మా అవ్వ జల్లిన సాన్పి మీదికెళ్ళి, ముగ్గు మీదికెళ్ళి నడుచుకుంట అంచుదాక వచ్చిండు. "ఆహా, ఎంత శుభ్రంగా ఉంచారండీ! మావైపు రేవుల్లో కూడా ఇంత శుభ్రం ఉండదు" అన్నడు. మా అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె గట్ల మురువంగ నేనెన్నడు చూడలే.

సారు ఆ అలికిన జాగలనే గొంతుకూసున్నడు. తన బూట్ల ముంగటనే గొట్టం గుచ్చిండు, తిప్పిండు, గుంజిండు, వచ్చింది సీసాల నింపిండు. చెయ్యి సాపి అంచు నీళ్ళు ఇంకో సీసాల పట్టిండు. బిరడా పెట్టి మైనం పూసిండు. గోరు కూడ తడవలే. మీదికెళ్ళి పెండ వాసన గుప్పున కొడుతున్నది, మాకందరికి కొడుతున్నది, ఆయనకు నశ్యం తోని ముక్కు మూసుకపోయి ఏం తెల్వలే. సీసాలు పెట్టెల సర్దుకొని, పటేలు ఇంట్ల కోడికూర తిని, మోటరెక్కి పోయిండు.

ఇగ మా ఇంట్ల పండుగే. సారుకు చెరువు నచ్చిందని అవ్వ, చాపపిల్లలొస్తయని నాయిన. నాయిన కొత్త వల అల్లుడు మొదలువెట్టిండు.

కొన్ని దినాలకు సారు మల్ల వచ్చిండు. ఈసారి చెరువు మొఖం కూడ చూడలే, సీదా చావిడి కాడ కుర్చీల కూసున్నడు. ఊరంత జమైంది. "ఈ చెరువు నీళ్ళలో, అడుగు మట్టిలో పశువుల పెంట తాలూకు పోషకాలు మితిమీరి ఉన్నాయండి. నేను సముద్రపు రేవుల్లో ఎంత మురికి చూశానో, ఇంత ఎక్కడా చూడలేదు. ఇది బాగుపడే చెరువు కాదు. నీళ్ళు తీసేయటమే మంచిది" అన్నడు. ఎట్ల చూస్తడు? పెండ అలికిన రేవు ఆయన పుట్టిన కాన్నుంచి చూసుండడు!

పెంట అనంగనె మా అవ్వ మొఖం నల్లగైంది. నేను పక్కకే ఉన్న, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆడోళ్ళు చావిడిల మాట్లాడే కాలం కాదది. అయినా లేసి ముంగటికి పోయింది.

"సారూ, అది చెరువుది కాదు. మీరొస్తున్నరని నేనే సాన్పి జల్లిన. మీరు కూసున్న కాడ అలికింది నేనే. మీరు తీసింది నేనలికిన పెండనే. మల్లొక్కపారి తియ్యున్రి సారూ, నడుమ తియ్యున్రి. మీ కాళ్ళు మొక్కుత."

సారు మొఖం ఎర్రగైంది. అప్పుడన్న మనిషైతె ఏమంటడు? అయ్యో, చూసుకోలే, మల్ల తీస్త అంటడు. ఒక్క పొద్దు పని. కాని గట్లంటె బంట్రోతు ముంగట, పటేలు ముంగట, పెండల కూసొని పెండనే పరీక్ష చేసినోడైతడు. పరువు పోదా? టోపీ సర్దుకొని మెల్లగ నవ్విండు.

"చూశారా! చెరువులో పెంట కలిసిందని నా పరీక్ష చెప్పింది. కలిపింది తనేనని ఈవిడే ఒప్పుకుంటోంది. ఇంకేం కావాలండి?"

"కలపలే సారూ! ఒడ్డుకు జల్లిన. ఇల్లు శుద్ధి చేసే పెండ, అది మైలెట్లయితది? మీ కాళ్ళకు దుమ్ము అంటద్దనే జల్లిన గద!"

"అమ్మా, నువ్వు ఏ ఉద్దేశంతో జల్లినా నీళ్ళకి తెలియదు కదా" అన్నడు. ఆ మాట మీద తనే మురిసిపోయి పటేలు దిక్కు చూసిండు. పటేలు అందుకున్నడు, "సర్కారు పరీక్షంటె పోరగాండ్ల ఆటనా, మల్ల మల్ల చేసెటందుకు?"

మా నాయిన అది విని లేసి ఉరికిండు. ఏడికి పోయిండో ఎవలకు తెల్వలే. జరసేపటికి వచ్చిండు, ఒళ్ళంత నీళ్ళు కారుతున్నయ్, చేతుల కుండ. కుండ నిండ మడుగు నడుమ మట్టి, నల్లగ, మెత్తగ. తెచ్చి సారు కాళ్ళ కాడ పెట్టిండు. "ఇది చూడున్రి సారు. ఇది మా చెరువు." ఊపిరి అందుతలేదు ఆయనకు.

సారు కాళ్ళు పక్కకు తీసుకున్నడు. "కుండలో తెచ్చిన మట్టి పనికిరాదయ్యా. శుభ్రమైన సీసా ఉండాలి. ఈ కుండలో ఏం వండారో ఏమో!"

సీసా శుభ్రం గురించి ఆయనకు మస్తు తెలుసు. సీసాల ఏం నింపిండో అదొక్కటి తెల్వదు. థూ!

ఇగ ఊరోళ్ళ సంగతి. ముగ్గు మెచ్చుకున్న నోళ్ళే "చెరువును ముంచింది ఆమెనే" అన్నయ్. మా ఎన్కింటామె, రెండు గంపల పెండ పిలిచి ఇచ్చినామె, "నేను అప్పుడే అన్న, గంత పెండ ఎందుకే అని" అన్నది. ఎప్పుడన్నది? ఎవలతోనన్నది? పటేలును ఒక్కడు పల్లెత్తు మాటనలే. సారును ఒక్కడు అడుగలే. నోరు లేని ఆడిది దొరికింది, అందరికి నోళ్ళొచ్చినయ్.

ఇంటికొచ్చి అవ్వ గోడకు ఒరిగి కూసున్నది. "నా చేతులతోని నేనే నీ బతుకు మీద మట్టేసిన" అని నాయినతోని అన్నది. నాయిన తడిబట్టలతోనే ఆమె పక్కన కూసొని "నీ తప్పేం లేదే. సాన్పి జల్లిన కాడ గొట్టం గుచ్చేటోడు ఉంటడని ఎవలకు తెలుసు" అన్నడు. ఒడ్డెక్కితె దేనికీ పనికిరాడని అవ్వతోని అనిపిచ్చుకున్న మనిషి గట్లంటుంటె నాకు ఏడుపాగలే.

వానలు మొదలుగాక ముందే గండి కొట్టిన్రు. సారు దగ్గరుండి కొట్టిచ్చిండు, కట్ట మీద ఛత్రి కింద నిలవడి. ఊరంత వచ్చింది, జాతరకు వచ్చినట్టు. మా నాయిన కూడ వచ్చిండు, పాత వల బుజం మీద వేసుకొని. ఎందుకు తెచ్చుకున్నడో ఆయనకే తెల్వదు. అవ్వ, నేను ఆయన ఎన్కాల.

నీళ్ళు బుస్సుమని పోయినయ్. పోంగ పోంగ మడుగు చాటంతైంది. ఆ చాటంత నీళ్ళల్ల, దాని చుట్టు బురదల, ఒక్కపారి ఏందో కదిలింది. ముందుగాల ఒక కొర్రమట్ట ఎగిరింది, నా మోచెయ్యంత పొడుగు. తర్వాత ఇంకోటి. తర్వాత బురదంత కొట్టుకుంటున్నది, కొర్రమట్టలు, జెల్లలు, ఒకదాని మీద ఒకటి. మా నాయిన చెప్పినట్టే పెద్దయన్ని అడుగున బతికే ఉన్నయ్. ఒక్కటి జబ్బుపడ్డది లేదు, బలిసి ఉన్నయ్.

జనం చూసిన్రు. ఒక్క క్షణం. గంతే, కేకలు పెట్టుకుంట దునికిన్రు. గంపలు, బుట్టలు, ధోతులు, కొంగులు, ఏది దొరికితె దాంట్ల నింపిన్రు. విషం విషం అని మొత్తుకున్నోడే అందరికంటె ముంగట దిగిండు. పోచమ్మ కోపమన్నోడు రెండు చేతులల్ల రెండు పట్టుకొని, ఇంకోటి ఎట్ల పట్టాలె అని పరేషాన్ అయితున్నడు. పటేలు మనుషులు మంచి మంచియి ఏరి, తడి గోనెసంచిల వేసి, మోసుకపోయి సారు మోటర్ల పెట్టిన్రు. సారు వద్దనలే. "పెద్దవి పైన పెట్టండి, కింద నలిగిపోతాయి" అన్నడు.

మా నాయిన ఆయన కాడికి పోయిండు. కోపంగ అనలే, నిజంగ తెల్వక అడిగినట్టే అడిగిండు. "పాడైన చెరువు చాపలు గద సారు. తినొచ్చునా?"

"బాగా కాచి వండితే ఏం కాదులేవయ్యా" అని సారు మోటరెక్కిండు.

మా నాయిన బురదల దిగలే. వల బుజం మీదనే ఉన్నది. అవ్వ మాత్రం కట్ట దిగే తొవ్వ కాడ నిలవడి, గంపలెత్తుకొని ఎక్కేటోళ్ళను ఒక్కొక్కళ్ళను ఆపి చెప్పుడు మొదలువెట్టింది. "చూసిన్రా, చెరువు మంచిగనే ఉండె గద. ఎట్ల ఎగురుతున్నయో చూసిన్రా. నేను చంపలే గద. చెప్పున్రి, నేను చంపలే గద!" ఎవలు కాదనలే. అందరు ఖుషీగ ఉన్నరు. "అవునక్కా, మస్తుగున్నయ్ చాపలు" అని నవ్వుకుంట, గంప సర్దుకుంట ఇండ్లకు పోయిన్రు.

పొద్దుగూకేసరికి ఇంటింట్ల పులుసు కాగింది. మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. తెల్లారి మా నాయిన వలను దండెం మీద ఇడిసిపెట్టి, కోకాపేట దిక్కు గుండ్లు కొట్టే పనికి పోయిండు.